త్రాడు తెగినచోట వంతెన

బాలుర కొఱకు వ్రాయబడు కథలలో మృత్యువునకు చోటుండవచ్చునా యను ప్రశ్నను మన యిండ్లలో నెవరును స్పష్టముగా అడుగరు. సమాధానము మాత్రము అందఱును ఇచ్చుచునే యుందురు. ఇంట నొకరు గతించినప్పుడు పిల్లలను పొరుగింటికి పంపుదుము. తాతగారేరీ యని యడిగిన బిడ్డతో ఊరికి వెళ్లినారని యొకరును, దేవుని యొద్దకు పోయినారని యొకరును, చుక్కయైనారని వేరొకరును చెప్పుదురు. ఈ మూడింటిలో దేనిని ఆ బిడ్డ నమ్మునో మన మెఱుగము. ఈ విషయమున పెద్దల నడిగి ప్రయోజనము లేదని మాత్రము త్వరలోనే గ్రహించును.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది అమెరికా రచయిత్రి కాథరిన్ పాటర్సన్ గారు 1977లో ప్రకటించిన ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’ యను చిన్న నవల. ‘టెరబిథియాకు వంతెన’ యని ఆ పేరున కర్థము. 1978లో దీనికి న్యూబెరీ పతకము లభించినది. బాలసాహిత్యమునకై ఆ దేశమున నీయబడు సత్కారములలో నది మిక్కిలి గౌరవము గలది. అయినను, పాఠశాలలనుండియు గ్రంథాలయములనుండియు తొలగింపవలెనని 1990 మొదలు 1999 వఱకు మిక్కిలిగా కోరబడిన గ్రంథములను అమెరికా గ్రంథాలయ సంఘమువారు లెక్కించినప్పుడు, తొలి పదింటిలో నిదియు నొకటిగా తేలినది. ఇందు మోటుమాటలున్నవని కొందఱును, పిల్లలు కల్పితరాజ్యమున విహరించుట మంచిది కాదని కొందఱును, మరణము పసివారి చెవిని వేయదగినది కాదని కొందఱును ఆక్షేపించిరి. ఒకే గ్రంథమునకు ఇట్టి మన్ననయు ఇట్టి నిరసనమును కలుగుటకు కారణమేమో విచారింపదగును.

గ్రంథము పుట్టిన విధము మొదట తెలియవలెను. పాటర్సన్ గారు క్రైస్తవ ప్రచారకుల కుమార్తెగా 1932లో చైనాదేశమున జన్మించిరి. పెనిమిటి మతాచార్యుడు. 1974వ సంవత్సరమున ఆమె పుట్టకురుపుచే బాధపడి శస్త్రచికిత్స చేయించుకొనిరి. ఆ యేటనే వేసవిలో, వారి కుమారుడు డేవిడ్ నకు ప్రాణస్నేహితురాలైన యెనిమిదేండ్ల బాలిక సముద్రతీరమున పిడుగుపాటున మరణించినది. ఏల యని అడుగుచున్న కుమారునకు చెప్పదగిన మాట తల్లికి దొరకలేదు. దొరకని మాటకై వెదకుచు ఆమె వ్రాసినదే యీ నవల. కావున ఇది నీతిబోధకై కల్పింపబడినది కాదు. తనకు తెలియని సమాధానమును తెలిసినట్లు నటింపని తల్లి రచన. ఈ నిజాయితీయే దీనికి ప్రాణమని మా యభిప్రాయము.

కథ స్వల్పము. వర్జీనియా రాష్ట్రపు పల్లెలో జెస్ ఆరన్సు అను పదేండ్ల బాలుడు కలడు. నలుగురు ఆడుబిడ్డల నడుమ ఒక్కడే మగపిల్లవాడు. తండ్రి బ్రతుకుతెరువునకై దినదినమును వాషింగ్టను నగరమునకు పోయి రాత్రికి అలసి వచ్చును. ఆవు పాలు పిదుకుట మొదలగు పనులు బాలునిపై బడును. వానికి రహస్యముగా బొమ్మలు వ్రాయుట యందు మక్కువ. మగవాని కది తగదని తండ్రి కసరినందున కాగితములను దాచుకొనును. బడిలో పరుగుపందెమున నందఱికంటె ముందు నిలిచిన తండ్రి సంతోషించునని తలచి, వేసవి యంతయు తెల్లవారకముందే లేచి పచ్చికబయలున పరుగెత్తును. బడి తెఱచిన దినమున, పొరుగింటికి క్రొత్తగా వచ్చిన లెస్లీ బర్క్ అను బాలిక పందెమున ప్రవేశించి మగపిల్లల నందఱిని ఓడించును. వాని వేసవి శ్రమ వ్యర్థమైనది. ఓడించిన యా బాలికయే వాని కాప్తురాలగును.

లెస్లీ తలిదండ్రులు రచయితలు. నగరము విడిచి పల్లెకు వచ్చిన ధనవంతులు. వారి యింట టెలివిజను లేదు. పుస్తకము లనేకము లున్నవి. ఇంటి వెనుక అడవిలో ఒక యెండిన వాగు కలదు. దాని గట్టున నున్న చెట్టునకు వ్రేలాడు పాతత్రాడును పట్టుకొని ఊగి పిల్లలిద్దఱును ఆవలి యొడ్డు చేరుదురు. ఆ యడవికి లెస్లీ టెరబిథియా యని పేరు పెట్టి, దానికి తాను రాణిగను జెస్ రాజుగను ఏర్పఱచును. అక్కడ దేవదారువంటి చెట్లు దట్టముగా నున్న తావు వారికి పుణ్యస్థలము. వసంతకాలమున వానలు విడువక కురిసి వాగు పొంగును. జెస్ నకు నీటి భయము. ఆ భయమును ఒప్పుకొనుటకు సిగ్గు. అట్టి సమయమున వాని కిష్టురాలైన సంగీతోపాధ్యాయిని ఎడ్మండ్సు ఒకనాడు వానిని వాషింగ్టనులోని చిత్రశాలకు తీసికొనిపోవును. అంతటి సంతోషదినము వాని జన్మమున లేదు. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి, లెస్లీ యొంటరిగా వాగు దాటబోగా త్రాడు తెగి, ఆమె మరణించినదని తెలియును.

ఈ కథలోని కల్పనాశక్తిని గూర్చి ముందు చెప్పుదుము. టెరబిథియాలో మాయ లేవియు లేవు. అక్కడ మృగములు మాటలాడవు, చెట్లు నడువవు. ఇద్దఱు పిల్లలును మాటలతో కట్టుకొన్న రాజ్యమది. లెస్లీ తాను చదివిన నార్నియా కథలను జెస్ నకు చదువనిచ్చి, రాజు మాటలాడవలసిన తీరు నేర్పును. ఒకసారి ఆమె తండ్రికి తోడుగా ఇల్లు బాగుచేయుటలో మునిగియుండగా జెస్ ఒక్కడే అడవికి పోయి మాయను రప్పింప జూచును, అది రాదు. రెండవ మనిషి లేక కల్పన నిలువదని గ్రంథకర్త్రి ఈ చిన్న ఘట్టమున సూచించినది. 2007లో ఈ కథను చలనచిత్రముగా తీసినప్పుడు, డేవిడ్ పాటర్సన్ రచనలో పాలుపంచుకొన్నను, యంత్రసాహాయ్యమున రాక్షసులను వింతజీవులను తెఱపై చూపిరి. చూచుటకు వేడుకగానే యుండును. గ్రంథమున నవి కానరాకుండుటలోనే అర్థము కలదు. చూపబడిన మాయ చూపినవారిది. చెప్పుకొన్న మాయ ఇద్దఱిది. అందుచేతనే ఒకరు పోయినప్పుడు రెండవవాడు అంత పేదవాడగుచున్నాడు.

ఇక స్నేహము. బాలబాలికల చెలిమిని శంకతో చూచు ఇండ్లు మనలో నింకను తఱుగలేదు. అట్టి శంక ఈ పల్లెలోను కలదు. అక్కచెల్లెండ్రు జెస్ ను పరిహసింతురు. గ్రంథకర్త్రి దీనికి వాదముతో బదులు చెప్పక, చెలిమి నడుచు తీరును చూపినది. ఒకరే ఇచ్చుట ఒకరే పుచ్చుకొనుట యనునది ఇందు లేదు. లెస్లీ జెస్ నకు మాటలను ధైర్యమును ఇచ్చును. జెస్ లెస్లీకి ఇచ్చునది తక్కువది కాదు. బడిలో పిల్లలను పీడించు జానిస్ ఏవరీ యను పెద్దపిల్ల ఒకనాడు మరుగుగదిలో ఏడ్చుచుండగా, పోయి పలుకరింపుమని లెస్లీని పంపినవాడు జెస్. తండ్రి కొట్టుచున్నాడన్న ఆ పిల్ల దుఃఖము అప్పుడు బయటపడును. చదువుకొన్న యింటి బిడ్డకు జాలిని నేర్పినవాడు, ఆవు పాలు పిదుకు యింటి బాలుడు. ఈ యొక్క ఘట్టమునకే మేము గ్రంథమును మెచ్చుకొందుము.

మరణమును చెప్పిన తీరు విశేషముగా గమనింపదగినది. రంగస్థలమున వధాదులను ప్రత్యక్షముగా చూపరాదని, సూచనచే తెలుపవలెనని ధనంజయుని దశరూపకము మొదలగు మన లక్షణగ్రంథములు విధించినవి. పాటర్సన్ గారికి ఆ శాస్త్రముతో పరిచయ ముండనక్కఱలేదు. అయినను త్రాడు తెగుట, బాలిక పడుట ఇవేవియు మనము చూడము. పదుమూడు ప్రకరణముల యీ గ్రంథమున పదియవదానికి ‘సంపూర్ణమైన దినము’ అని యర్థము వచ్చు పేరు పెట్టబడినది. చిత్రశాల చూచి, సంతోషముతో నిండి, జెస్ వంటయింట నడుగిడుచుండగా అక్క బ్రెండా నోటినుండి ఆ వార్త వచ్చును. అంతకుముందు ఒక్క నిట్టూర్పైనను మనలను సిద్ధపఱుపదు. నిజజీవితమున నట్లే జరుగును గదా. మనము నవ్వుచున్న గడియలోనే మఱియొకచోట కీడు జరిగిపోయి యుండును. మనకు తెలియుట యాలస్యము.

కేవలము వార్తగా చెప్పి గ్రంథకర్త్రి ఊరకొనలేదు. అందొక ముల్లును ఉంచినది. ఉపాధ్యాయిని పిలిచినప్పుడు, లెస్లీని గూడ తీసికొనిపోదమా యని అడుగుటకు జెస్ నకు తోచలేదు. తరువాత తోచినప్పుడు, అడుగకపోయినందుకు లోలోపల సంతోషించెను. ఇది పాపమా? కాదు. పదేండ్ల పిల్లవాని సహజమైన స్వార్థము. కాని లెస్లీ మరణించిన పిమ్మట ఆ చిన్న సంతోషము వాని గుండెలో నెంత బరువగునో చెప్పనక్కఱలేదు. తమవలననే ఆపద కలిగినదని పిల్లలు తలచుటయు, ఆ తలంపును ఎవరికిని చెప్పుకొనలేకుండుటయు మనము తఱచుగా గమనింపని సత్యములు. చుక్కయైనారని చెప్పు పెద్దకు ఆ బిడ్డ మనసులోని యీ నేరము కానరాదు.

శోకమును వర్ణించిన రెండు ప్రకరణములలో ఔదార్యమనునది మచ్చునకైన లేదు. వార్త విన్న బాలుడు మొదట నమ్మడు. ఇకమీదట అయిదవ తరగతిలో తానే మిక్కిలి వేగముగా పరుగెత్తువాడనని వానికి ఒక క్షణము తోచును. స్నేహితురాలు మరణించిన పిల్లవాడు తానొక్కడే గనుక బడిలో నందఱును తనను మన్నింతురనియు తోచును. చనిపోయిన వారియింట నేమైనదని అడిగిన చెల్లెలు మే బెల్ ను మొగముపై కొట్టును. పండుగకు లెస్లీ యిచ్చిన రంగుల పెట్టెను పరుగెత్తికొనిపోయి వాగులో పాఱవేయును. ఇవి చదివి కొందఱు పెద్దలు ముఖము చిట్లింపవచ్చును. మేము మాత్రము ఇందే గ్రంథకర్త్రి ధైర్యమును చూచుచున్నాము. శోకించువాడు పవిత్రుడై కనబడవలెనని మనము విధించిన నియమము పిల్లలకు కలిగించు బాధ యింతంత కాదు. అక్కఱకు రాని తలంపులు తమకే వచ్చినవని వారు భయపడుదురు. ఈ గ్రంథము చదివిన బిడ్డకు ఆ భయము తొలగును.

రంగులు పాఱవేసిన బాలుని వెంటవచ్చి, ఒడిలో కూర్చుండబెట్టుకొన్నవాడు తండ్రి. బొమ్మలు వ్రాయవలదని కసరిన యా తండ్రియే. ఆయన వేదాంతము చెప్పడు. బైబిలును నమ్మనివారు నరకమునకు పోవుదురని మే బెల్ పూర్వ మొకనాడు చెప్పిన మాట జెస్ ను పీడించుచుండగా, దేవుడు చిన్నపిల్లలను అట్లు చేయువాడు కాడని మోటుగా, నిస్సంశయముగా తెలుపును. మతము పేర భయపెట్టుట సులభము. మతమునకు దయ కలదని నమ్మించుట కష్టము. చదువు లేని యా తండ్రి నోట కష్టమైన పనియే జరిగినది.

ఇక బడి. జెస్ తరగతికి తిరిగి పోవునప్పటికి లెస్లీ బల్లను ఎవరో తీసివేసియుందురు. ఖాళీ కానరాకుండ మిగిలిన బల్లలు సరిపోయియుండును. ఇచ్చట మా సంగతి యొకటి చెప్పక తప్పదు. మేము ఉపాధ్యాయులము. కొన్నియేండ్ల క్రిందట మా తరగతి పిల్లవాడొకడు వానకాలపు జ్వరమున మరణించెను. మఱునాడు పిల్లలు రాకమునుపే బల్లలు జరిపించితిమి. హాజరుపట్టీలో వాని సంఖ్యను దాటి పైసంఖ్యను పిలిచితిమి. వాని ప్రక్కను కూర్చుండు బాలుడు తలయెత్తి మావైపు చూచెను. మేము చదువుచునే పోతిమి. పిల్లల మేలు కొఱకే యట్లు చేసితిమని నాడు తలచితిమి. ఈ పుట చదివినప్పుడు ఆ బాలుని చూపు మఱల జ్ఞప్తికి వచ్చినది. వాడు అడుగదలచినది ఏమో మే మెన్నడును అడుగలేదు.

గ్రంథములోని ఉపాధ్యాయిని మైయర్సు మాకంటె మెఱుగు. పిల్లలు పరిహసించు కఠినురాలైన యా స్త్రీ జెస్ ను బయటకు పిలిచి, తన పెనిమిటి పోయినప్పుడు ఏడువవలదని అందఱును చెప్పిరనియు, మఱచిపొమ్మని చెప్పిరనియు, తనకు మఱచుట ఇష్టము లేకపోయెననియు చెప్పును. లెస్లీవంటి విద్యార్థిని తనకు దొరకలేదని కంట తడిపెట్టును. ఓదార్చుటకు వచ్చిన పెద్ద తన దుఃఖమును చెప్పుకొనుటయే ఇక్కడి యోదార్పు. అప్పుడు ఆ బాలుడు తన యుపాధ్యాయినికి తానే ఉపశమనము కలిగింప దలచును. శోకము వాని నొంటరిని చేయక మఱియొకరితో కలిపినది.

మన ప్రాచీన గ్రంథములు పిల్లలకు మృత్యువును చెప్పనివి కావు. నచికేతుడు యముని వాకిటనే నిలిచి ప్రశ్నించినాడు. యముడు వానిని భోగములచే మఱపింప జూచినను, తుదకు సమాధానము చెప్పక తప్పలేదు. కాని బాలుని మరణము వచ్చు కథలలో మన మెక్కువగా నాదరించినవి వేరువిధమైనవి. లోహితాస్యుడు పాముకాటున మరణించి మఱల లేచును. శ్రీనాథుని హరవిలాసమున సిరియాళుడు పిలిచినంతనే వచ్చును. మార్కండేయుని పాశము వదలును. భక్తికి సత్యమునకు ఫలము కలదని తెలుపుటకు అవి యవసరములే. అయినను, లేచి రాని స్నేహితుని గూర్చి దుఃఖించు బిడ్డకు ఆ కథలు చాలవు. తన స్నేహితుడేల లేవలేదని అడుగును. ప్రార్థన చాలలేదా, సత్యము చాలలేదా యని తననే నిందించుకొనును. లేవనివారి కథ యొకటి వాని చేతికీయవలెను. ఈ నవల అట్టిది.

లోపములు లేకపోలేదు. అక్కలైన ఎల్లీ, బ్రెండాలు పరిహాసపాత్రలుగా మాత్రమే నిలిచిరి. లెస్లీ మిక్కిలి నిర్దోషురాలు. ఆమెకు కోపము, అసూయ కొంచెము కలవని చూపిన మఱింత సజీవముగా నుండెడిది. ఇంతకంటె గట్టి యాక్షేపణ యొకటి కలదు. బాలుడు పెరుగుటకై బాలికను బలి యిచ్చుట న్యాయమా? స్త్రీ యొకతె మరణించి పురుషుని సంస్కరించుట కథలలో పాతయాచారము. ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. తల్లి కుమారుని కొఱకు వ్రాసినది గనుక మిగిలిన బాలుని కన్నులతోనే చెప్పబడినదని సమాధానము చెప్పవచ్చును గాని, అది కారణమగును, పూర్తి సమర్థనము కాదు. అయినను కథాంతమున రాజ్యము బాలునిపాలు కాక మఱియొక బాలికకు దక్కుట ఈ దోషమును కొంత తగ్గించుచున్నది.

ఆ యంతమును చెప్పి ముగింతుము. జెస్ పూలచక్రమును కట్టి అడవికి కొనిపోవును. వాని వెంట రహస్యముగా వచ్చిన మే బెల్ వాగుపై పడియున్న మ్రాను నడుమ భయముతో చిక్కుకొనును. వాడు వెనుకకు వచ్చి చెల్లెలిని కాపాడును. తనకును భయమైనదని ఆమెతో ఒప్పుకొనును. లెస్లీ బ్రతికియుండగా నోట రాని మాట యది. పిమ్మట లెస్లీ తండ్రి విడిచిపోయిన పలకలను మోసికొనిపోయి వాగునకు వంతెన కట్టి, చెల్లెలి తలలో పూలు తుఱిమి, టెరబిథియాకు క్రొత్తరాణిగా నడిపించుకొని పోవును.

త్రాడు సాహసవంతుల కొఱకు. దానిని పట్టి ఊగగలవారే ఆవలికి పోగలరు. వంతెన భయపడువారి కొఱకు, చిన్నవారి కొఱకు. లెస్లీ మఱల రాలేదు. వంతెన ఆమెను తెచ్చునని గ్రంథకర్త్రి ఎక్కడను చెప్పలేదు. ఆమె యిచ్చినది మఱియొకరికి చేరుటకు దారి మాత్రము ఏర్పడినది. లోహితాస్యుని లేపిన దేవతలు ఈ కథలో లేరు. పలకలు మోసిన బాలుడు కలడు.

ఆంగ్లము చదువగల పిల్లలున్న గృహములవారు ఈ గ్రంథమును వారి కీయవచ్చును. ఇచ్చుటకు ముందు తామును చదువవలెను. ఏలయన చదివిన బిడ్డ తప్పక ప్రశ్నించును. ఆ ప్రశ్నకు తెలియదని చెప్పవలసి వచ్చినను చెప్పుడు గాని, ఊరికి వెళ్లినారని మాత్రము చెప్పకుడు. మేమును రాబోవు సంవత్సరమునుండి, హాజరుపట్టీలో అట్టి సంఖ్య మఱల తటస్థించినచో దానిని దాటకుండ నిలిచి, ఆ పేరును పలికి, ప్రక్కబల్ల బాలుడు చెప్పదలచినది విందము.